తెర మూలన వినాయకుడు

మా ఆయన భయస్తుడు. ఈ మాట వెనకాల అనాల్సిన అవసరం నాకు లేదు, ఇరవయ్యేళ్లుగా మొహం మీదే అంటున్నాను. బల్లి అరిస్తే ఆగిపోతాడు. పిల్లి ఎదురైతే ఇంట్లోకి వచ్చి మంచినీళ్లు తాగి మళ్లీ బయల్దేరతాడు. పొద్దున్నే కాఫీ గ్లాసు అందుకుంటూ ఆ రోజు రాహుకాలం ఎప్పటినుంచి ఎప్పటిదాకానో వార్తలు చదివినట్టు చదువుతాడు. నేను ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తాను. పని మీద బయటికి వెళ్లేటప్పుడల్లా "కాస్త ఎదురు రావే" అని బతిమాలతాడు. "నాకు పొయ్యి మీద కూర మాడుతోంది, మీరు వెళ్లండి" అంటాను. మా నాన్న తెనాలిలో సైన్సు మాస్టారు. మా పుట్టింట్లో పంచాంగం కొన్న పాపాన పోలేదు.

అలాంటిదాన్ని, భయమంటే ఏమిటో ఒక్క శుక్రవారం పొద్దున నిండా తెలుసుకున్నాను.

మా ఆయన పేరు సుబ్రహ్మణ్యం. సినిమాలకు మాటలు రాస్తాడు. ఫిల్మ్ నగర్‌లో ఏ ఆఫీసు మెట్లెక్కినా "రండి గురువుగారూ" అంటారు గానీ, తెర మీద ఆయన పేరు ఒక్కసారీ పడలేదు. రాసేది ఈయన, పేరు వేరేవాళ్లది. పదేళ్ల కిందట మాత్రం సొంతంగా ఒక కథ రాసుకుని, ఒకచోట వినిపించి, చదువుతామంటే కాగితాలు అక్కడే వదిలి వచ్చాడు. మరుసటి ఏడాది ఇద్దరం సినిమాకు వెళ్లాం. తెర మీద తన మాటలే ఒక్కొక్కటీ వినిపిస్తుంటే మనిషి చెమటతో తడిసిపోయాడు. ఇంటర్వెల్‌లో బయటికి వెళ్లి వాంతి చేసుకున్నాడు. నేను వీపు రాస్తూ నిలబడ్డాను. ఆ రోజునుంచి ఆయనకు కాగితమంటే దడ.

ఆ ఏడు మాదాపూర్‌లో రోజుకో అద్దాల మేడ లేస్తోంది. సాఫ్ట్‌వేర్‌లో డబ్బు చేసుకున్నవాళ్లు కొందరు జూబ్లీహిల్స్‌లో ఆఫీసులు తెరిచి సినిమాలు తీస్తామని కూర్చున్నారు. త్రినాథరావు గారు అలా వచ్చినవాడే. మా ఆయన కథ విని, "మీ పేరే వేస్తానండీ" అన్నాడు. ఆ మాట విన్న రాత్రి మా ఆయన అన్నం తినలేదు, సంతోషానికి. కానీ త్రినాథరావు గారిది కంపెనీ పద్ధతి. సగం కాగితం మీద, సగం నోటితో అంటే ఒప్పుకోడు. "మొత్తం స్క్రిప్టు, ఆఖరి మాట దాకా, బైండు చేసి శుక్రవారం సాయంత్రం నాలుగింటికి నా టేబుల్ మీద పెట్టండి. మెయిల్‌లో కూడా పంపండి. లేకపోతే ఇంకో రైటర్ రెడీగా ఉన్నాడు" అని నవ్వుతూనే చెప్పాడు.

నాకు పెళ్లికి ముందునుంచే టైపింగ్ వచ్చు. అందుకని ఇంట్లో కంప్యూటర్, ప్రింటర్ కొన్నాం. ఆయన రాయడం, నేను కొట్టడం. నేను కొట్టగానే ఆ కాగితాలు చించి పెరట్లో కాల్చేసేవాడు. అక్కడితో ఆగాడా? ఎవరైనా ఫ్లాపీలో ఎక్కించుకుని జేబులో వేసుకుపోతారని ఫ్లాపీ డ్రైవ్ పీకించేశాడు. ఆ చిల్లులో ఇప్పుడు బొద్దింకలు కాపురం ఉంటున్నాయి. పాము కరిచినవాడికి తాడును చూసినా భయమే అంటారు, ఆయన్ని అనీ లాభం లేదు. రెండు నెలల కష్టం, పదేళ్లుగా ఎదురుచూసిన పేరు, మొత్తం ఆ ఒక్క పెట్టెలో ఉన్నాయి. ఇంకెక్కడా లేవు.

గురువారానికి కొట్టడం పూర్తయింది. "ప్రింటు తీసేద్దామండీ" అన్నాను. "ఇవాళ నవమి. రేపు దశమి, శుక్రవారం. రేపు తీద్దాం" అన్నాడు. సరే, ఈలోగా మెయిల్ పంపడానికి నెట్ పెట్టిద్దామని వెంగళరావు నగర్ నుంచి కమలాకర్‌ని పిలిపించాను. మా వీధిలో అందరి కంప్యూటర్లూ చూసేది అతనే. చూసి పెదవి విరిచాడు.

"సిస్టమ్ మస్తు పాతగున్నదమ్మా. అప్‌డేట్ ఎయ్యకుంట నెట్ పెడితె వైరస్ దూరుతది. సీడీ తెచ్చిన, జర సేపట్ల అయిపోతది" అన్నాడు.

కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టయింది. అప్‌డేట్ సగం దాకా ఎక్కింది, ఆగింది, విఫలమైందని ఇంగ్లీషులో ఒక పెట్టె చూపించింది, దానంతటదే ఆగి మళ్లీ మొదలైంది. ఇక అదే వరస. తెర వస్తుంది, మిగిలింది పూర్తి చేయబోతుంది, విఫలమైందంటుంది, ఒక నిమిషం అంకె వెనక్కి లెక్కపెట్టుకుని చచ్చిపోతుంది. మళ్లీ లేస్తుంది, మళ్లీ చస్తుంది. కమలాకర్ పెట్టె కనిపించగానే ఓకే నొక్కడం, తల గోక్కోవడం. అలా పొద్దు గూకింది.

"అయితలేదమ్మా. డిస్క్ ఇప్పి షాపుకు తీస్కపోత. ఆడ ఇంకో సిస్టమ్‌కు పెట్టి మీ ఫైలు తీస్త" అన్నాడు.

మా ఆయన కుర్చీలోంచి లేచి గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు. "ఆ డిస్కు ఈ గడప దాటడానికి వీల్లేదు."

"ఫికర్ చెయ్యకుండ్రి సార్, నేనేమన్న దొంగనా?"

"నువ్వు కాదయ్యా. నీ షాపుకు ఎంతమంది వస్తారు!"

"పోనీ ఇంకో డిస్క్ గీడికే తెస్త, గిండ్ల ఎక్కిస్త."

"అప్పుడు ఆ డిస్కు ఎక్కడికి పోతుంది? నీతోనే పోతుందిగా!"

కమలాకర్ నా వంక చూశాడు. "గట్లయితె ఫార్మాటే తొవ్వ. అంత తుడిచి మల్ల కొత్తగ ఎయ్యాలె" అన్నాడు. తుడవడం అన్న మాట వినగానే "వద్దు బాబూ" అని అడ్డుపడ్డాను. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, "రేపు పొద్దుగాల వస్త. అందాక ఆన్ చెయ్యకుండ్రి. ఫైలు మాత్రం అస్సలు తెరువకుండ్రి. తెరిసున్నప్పుడు గిట్ల బందయితె ఫైలే ఖరాబయితది" అని చెప్పి పోయాడు.

శుక్రవారం తెల్లారింది. కమలాకర్ రాలేదు. ఫోన్ చేస్తే మోగుతుంది గానీ ఎత్తడు. మా ఆయన కాఫీ ముట్టుకోలేదు, నాతో ఒక్క ముక్క మాట్లాడలేదు, పూజ గదిలో దూరి కూర్చున్నాడు. త్రినాథరావు గారి ఆఫీసునుంచి ఫోన్ వచ్చింది. "నాలుగింటికి గుర్తుందిగా మేడమ్? సార్ ఆరింటికి ముంబై వెళ్తున్నారు" అని ఒక అమ్మాయి తియ్యగా చెప్పింది. "గుర్తుందమ్మా, వచ్చేస్తాం" అన్నాను.

ఇక ఆగలేకపోయాను. వెళ్లి స్విచ్చి వేశాను.

తెర వచ్చింది. మా ఫైలు బొమ్మ ఎడం పక్కన బుద్ధిగా కూర్చుని ఉంది. అంత దగ్గర్లో ఉంది, ముట్టుకోవడానికి లేదు. పెట్టె వచ్చింది. కమలాకర్‌లా ఓకే నొక్కకుండా ఈసారి దాన్లో ఏముందో చదవడం మొదలుపెట్టాను. నా ఇంగ్లీషు నెమ్మది. రెండో వాక్యంలో ఉండగానే నిమిషం అయిపోయి తెర చచ్చిపోయింది. మళ్లీ లేచింది. మళ్లీ చదివాను. ఇంత చదువుతున్నా లోపల ఒకటే పీకులాట, ఇన్నిసార్లు లేచి పడితే లోపల ఏది విరుగుతుందోనని. మూడోసారికి ఆఖరి వాక్యం దొరికింది. ఈ అప్‌డేట్ అసలైనదో కాదో తేల్చుకోలేకపోతున్నాను, నీ కంప్యూటర్‌లో తేదీ, సమయం సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకో అని దాని భావం.

తేదీ ఎక్కడుంటుంది? తెరకు కుడి పక్క కింది మూలన. అక్కడ వినాయకుడున్నాడు.

రెండు నెలల కిందట మా ఆయన అతికించిన బొమ్మ అది, బొటనవేలంత. కుంకుమ కూడా పెట్టాడు. రాతకోతలకు ఆయనే కదా దిక్కు, భక్తి కొద్దీ అతికించాడనుకున్నాను. టైము కావాలంటే ఎదురుగా గోడ గడియారం ఉంది, ఆ మూల వంక చూసే పనే నాకు పడలేదు. నిన్న కమలాకర్ తెర తుడుస్తూ కూడా దేవుణ్ణి వదిలేసి చుట్టూ తుడిచాడు. దేవుడి బొమ్మను ఎవరు పీకుతారు?

బొమ్మను కళ్లకద్దుకుని గోటితో అంచు లేపాను.

"ఏయ్! తియ్యకు!"

పూజ గది గుమ్మంలో మా ఆయన. చేతిలో హారతి పళ్లెం. కోపం కాదది, దొరికిపోయిన మొహం. నా వేలి కింద బొమ్మ సగం లేచింది. కింద తేదీ కనిపిస్తోంది. సంవత్సరం చూసి కళ్లు నులుముకుని మళ్లీ చూశాను. ఈలోగా తెర ఆరిపోయింది.

"ఏవండీ, ఇది మూడేళ్ల కిందటి తేదీ."

ఆయన చూపు హారతి పళ్లెం మీదికి దిగింది.

"మీరేనా మార్చింది?"

పళ్లెం కింద పెట్టి గోడకు జారగిలబడ్డాడు. "మనం మొదలుపెట్టేనాటికి మూఢం నాగేశ్వరీ. మూఢం పోతే ఆ వెనకే అధిక మాసం. దసరా దాకా మంచి రోజు లేదన్నారు. త్రినాథరావు గారు ఆగుతాడా? అందుకని తేదీ వెనక్కి జరిపాను."

"మూడేళ్లు వెనక్కా?"

"నేను మాటలు రాసిన సినిమా ఒకటి వంద రోజులాడిందే, దానికి కొబ్బరికాయ కొట్టిన ముహూర్తం అది. ఆ తేదీన ఫైలు తెరిపించాను."

"పంతులుగారు చెప్పారా ఇలా చేయమని?"

"గడిచిన ముహూర్తానికి పంతులుగారెందుకే? ఫలితం కళ్లారా చూశాంగా!"

ఇంకో రోజైతే పగలబడి నవ్వేదాన్ని. లేకపోతే చీపురు తిరగేసేదాన్ని. ఊళ్లో అందరికీ మూఢం పట్టినా మా ఇంట్లో కంప్యూటర్‌కి మాత్రం పట్టలేదన్న మాట. కానీ ఆయన పళ్లెంలోని కర్పూరం బిళ్లను వేళ్లతో పొడి చేస్తున్నాడు. నిన్నటినుంచి ఈ సంగతి మనసులో పెట్టుకుని, తన వల్లే ఇదంతా జరుగుతోందేమోనని అనుమానం ఉండి కూడా, చెప్తే నేను తేదీ మార్చేస్తానని నోరు మెదపలేదు. ఆయనకు రెండు భయాలు. ఫైలు పోతుందని ఒకటి, ముహూర్తం పోతుందని ఒకటి.

"మార్చకే. మంచి ఘడియలో పుట్టింది. ఇప్పుడు తీసుకెళ్లి మూఢంలో పడేస్తావా?" అన్నాడు.

"పుట్టిన ఘడియ మంచిదేనండీ. బిడ్డే చచ్చేట్టుంది" అన్నాను. అన్నాక నాకే నాలుక కరుచుకోవాలనిపించింది. ఆయన మొహం పాలిపోయింది. చాలా నెమ్మదిగా, "సరే, కానివ్వు" అన్నాడు.

మళ్లీ తెర వచ్చింది. ఉన్నది ఒక్క నిమిషం. వినాయకుణ్ణి పూర్తిగా తీసి నా నుదుటికి అతికించుకున్నాను, ఇంకెక్కడ పెట్టాలో తోచలేదు. తేదీ మీద నొక్కితే కేలండర్ తెరుచుకుంది. సంవత్సరం మార్చాను, నెల మార్చాను, శుక్రవారం వెతికి నొక్కాను. పక్కన అంకె వెనక్కి పరిగెడుతోంది. అది సున్నా చేరకముందే ఆగిపోయి, అప్‌డేట్ మళ్లీ కదిలింది.

నీలం గీత నెమ్మదిగా పాకుతోంది. నిన్న ఆగిన చోటికి వచ్చింది. అక్కడ ఆగలేదు, దాటింది. "దాటిందండీ!" అని అరిచాను. అరిచిన నోరు మూసుకోకముందే ఫ్యాను ఆగిపోయింది. కరెంటు పోయింది.

గోరుచుట్టు మీద రోకటి పోటు అంటే ఇదే. యూపీఎస్ కీచుకీచుమంటోంది. దాని బ్యాటరీ ఎంతసేపు ఆగుతుందో దేవుడికే తెలియాలి, కొన్నప్పుడే అది అంతంత మాత్రం. వీధిలో షూటింగ్ జనరేటర్ వ్యాను ఒకటి దడదడలాడుతూ నిలబడి ఉంది. వాళ్లకు మాత్రం పగలే దీపాలు వెలుగుతున్నాయి. నాకు అవతలికి పరిగెత్తి ఆ తీగ లాక్కొచ్చుకోవాలనిపించింది. మా ఆయన రెండు చేతులూ యూపీఎస్ మీద వేసి పట్టుకుని కూర్చున్నాడు, వదిలితే పారిపోతుందన్నట్టు. కీచుమనడం దగ్గర దగ్గరగా పడుతోంది. అయిపోయిందనుకున్నాను. కళ్లు మూసుకున్నాను.

ఫ్యాను తిరిగింది.

కళ్లు తెరిచేసరికి గీత చివరికంటా వెళ్లి ఉంది. కొత్త పెట్టె వచ్చింది. అప్‌డేట్ ఎక్కింది, ఒకసారి ఆపి మొదలుపెట్టాలి, ఇది నొక్కు అంది. దాన్ని పక్కకు జరుపుదామంటే జరగదు. వెనకనున్న ఫైలు తెరవనివ్వదు. నొక్కడం తప్ప దారి లేదు.

అప్పుడు పట్టుకుంది నన్ను. ఇందాకటి దాకా ఎలాగో తెర అయితే వస్తోంది. ఇప్పుడు నొక్కితే, అది రాకపోతే? కరెంటు పోయిన కాస్తలో లోపల ఏదైనా విరిగి ఉంటే? ఈ వేలితో నేనే నొక్కి నేనే చంపినదాన్నవుతాను. సాయంత్రం ఈ మనిషి ఖాళీ చేతులతో ఆ మెట్లెక్కి ఏమని చెప్తాడు? మళ్లీ ఆ సినిమా హాల్లో చూసిన మొహం చూడాలా నేను? వేలు మౌస్ మీద ఉంది, కిందికి దిగదు. ఒళ్లంతా చల్లబడిపోయింది. నాన్నా, సైన్సూ, ఎవరూ గుర్తు రాలేదు.

"ఏవండీ," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "రాహుకాలం వెళ్లిపోయిందా?"

ఆయన నా వంక చూశాడు. ఇరవయ్యేళ్లలో నేను ఆ ప్రశ్న అడగడం అదే మొదలు.

"ఎప్పుడో వెళ్లిపోయింది," అన్నాడు. "మంచి ఘడియే. నొక్కు."

ఎంత స్థిరంగా అన్నాడంటే నాకు ధైర్యం వచ్చేసింది. నొక్కాను.

తెర నల్లబడింది. మామూలుగా వచ్చే అక్షరాలు రాలేదు. మూలన ఒక చిన్న తెల్లగీత కొట్టుకుంటోంది, అంతే. ఆయన చెయ్యి నా భుజం మీద పడింది, మంచుగడ్డలా ఉంది. వీధిలో జనరేటర్ చప్పుడు, నా గుండె చప్పుడు. ఆ తర్వాత లోపల ఏదో గిరగిరా తిరిగింది. వెలుగొచ్చింది. తెర వచ్చింది. విఫలమైందన్న పెట్టె కోసం ఎదురుచూశాను. రాలేదు. ఇంకా చూశాను. రాలేదు.

ఫైలు తెరిచాను. మొదటి పేజీ, మాటలు సుబ్రహ్మణ్యం అని ఉంది. ఆయన నేల మీద కూలబడి ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, ఏడుస్తూనే ప్రింటర్‌లో కాగితాలు పెట్టాను.

సగం ప్రింటు అయ్యాక కమలాకర్ వచ్చాడు. తెర చూసి నోరు తెరిచాడు. నా నుదుటి మీద వినాయకుణ్ణి చూసి ఇంకా తెరిచాడు.

"ఏమయ్యా, పొద్దున్నే వస్తానన్నవాడివి ఇదా రావడం? ఫోనూ ఎత్తవు!"

"మాఫ్ చెయ్యమ్మా. పొద్దుగాల ఒక ఆఫీసుల ఇరికిన. ఇంటికొచ్చి బయల్దేరుతుంటె మా అమ్మ పోనియ్యలే. రాహుకాలంల రిపేరుకు పోతె అయ్యేది గూడ కాదని ఫోన్ గుంజుకొని కూసున్నది."

"రాహుకాలమా? అది ఎప్పుడో వెళ్లిపోయిందిగా?"

"ఏడ పోయిందమ్మా! శుక్రారం పదిన్నర సంది పన్నెండు దాంక. ఇగో, గిప్పుడే పోయింది."

తెర మూలన చూశాను. దేవుడు లేడుగా, గడియారం బయటపడి ఉంది. పన్నెండుంపావు. నేను నొక్కింది పదకొండూ ఇరవై ప్రాంతంలో.

ఆయన లోపల కాగితాలు సర్దుతున్నాడు. ఆ పొద్దున ఒక్కపొద్దునే నాకు రాహుకాలం చదివి వినిపించని మనిషి. కాఫీ మరిచిపోయినా అది మరిచిపోయేవాడు కాదు. సరిగ్గా మధ్యలో ఉన్నామని తెలుసు, రెండు నెలల కష్టమూ దాని నోట్లో పెడుతున్నామని తెలుసు. తెలిసే నా మొహంలోకి చూస్తూ మంచి ఘడియే అన్నాడు. నా భయం దించి, అదంతా తను ఒక్కడే మోశాడు. భుజం మీద చెయ్యి అంత చల్లగా ఎందుకుందో అప్పుడు అర్థమైంది.

కమలాకర్ నెట్ పెడితే మెయిల్ పంపాం. మూడున్నరకు బైండు చేసిన స్క్రిప్టు సంచిలో పెట్టుకుని తెల్లచొక్కా వేసుకుని మెట్ల మీదికి వచ్చాడు. ఎదురు రమ్మని అడగలేదు. నేనే వంటింటి వైపునుంచి దిగి, చుట్టూ తిరిగి, గేటు దగ్గరికి వెళ్లి ఆయనకు ఎదురుగా నడిచి వచ్చాను. నుదుట ఇంకా వినాయకుడు ఉన్న సంగతి మరిచిపోయాను.

ఆయన చివరి మెట్టు మీద ఆగిపోయాడు.

"శుక్రవారం రాహుకాలం ఎప్పుడండీ?" అన్నాను.

సంచిని గుండెకు ఆనించుకుని నేల వంక చూశాడు. "గుర్తు లేదే" అన్నాడు.

గేటు అవతల ఆటో ఆగి ఉంది. నేను పక్కకు తప్పుకుని దారిచ్చాను.